మూతలో సగం

నా చిన్నప్పుడు పుంగనూరులో మా అంగడికి రోజూ ఆకులు వచ్చేవి. గంగవరం వైపు నుంచీ ఆ చుట్టుపక్కల పల్లెల నుంచీ రైతులు బస్సు దిగి, ముడుచుకుపోయిన టమోటా ఆకుల్ని తువ్వాలు కొంగున మూటగట్టుకునో, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునో, ఒక్కోసారి అన్నం క్యారియర్ పైగిన్నెలో వేసుకునో తెచ్చి మా తాతయ్య ముందు పెట్టేవాళ్ళు. మాది ఎరువులూ పురుగుమందులూ అమ్మే అంగడి. బోర్డు మీద మా నాయన పేరుండేది గానీ జనం వచ్చేది తాతయ్య కోసమే. ఆయన చదివింది ఐదో తరగతి. ఆకు చేతికిస్తే చేనుకు నీళ్ళు కట్టి ఎన్నాళ్ళయిందో కూడా చెప్పేవాడు.

ఆయన గొప్పతనమంతా ఒక్క పనిలో ఉండేది. ఆకును వెనక్కి తిప్పేవాడు. అందరూ పైన చూసి అయ్యో అంటారు, దొంగ కింద కూర్చుని ఉంటాడు అనేవాడు. బడి వదలగానే నేను యూరియా మూటల మీద ఎక్కి కూర్చునేదాన్ని. రైతు తెచ్చిన ఆకును ముందు నాకిచ్చి చెప్పమనేవాడు. అంచులు పైకి లేచి దొప్పలాగా అయితే తామరపురుగు, కిందికి వంగితే నల్లి. చేతికి జిగటగా తగిలి, చీమలు కూడా ఎక్కి ఉంటే పేనుబంక. మధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రానికి తెరుచుకుంటే రోగమూ లేదు, మన్నూ లేదు, నీళ్ళు చాలక చెట్టు తనను తాను కాపాడుకుంటోందని అర్థం. అలాంటి రైతుకు మందు అమ్మకుండా పంపించేసేవాడు. అందుకే ఊళ్ళో ఆయన మాటంటే మాటే. నేను సరిగ్గా చెబితే సీసాలోంచి ఒక బెల్లం కమ్మర్‌కట్టు తీసి ఇచ్చేవాడు. మనవళ్ళు ముగ్గురున్నా అంగట్లో చోటు నా ఒక్కదానికే ఉండేది. ఆ పొగరు నాకు బాగానే ఉండేది.

కలుపు మందు మాత్రం మిగతా మందులతో కలిపి పెట్టేవాడు కాదు. దానికి గోడౌన్‌లో వేరే బీరువా, దాని తాళంచెవి ఆయన మొలతాడుకు. ఎవరో రైతు కలుపు మందు కలిపిన డ్రమ్మును కడక్కుండా అందులోనే టమోటాకు మందు కలిపి కొట్టి, అరెకరా పోగొట్టుకున్నాడట. కలుపు మందు తగిలిన చెట్టును ఎలా గుర్తుపట్టాలో కూడా నాకు నేర్పాడు. వెనక్కి తిప్పితే పురుగు కనబడదు. ముదురాకు బాగానే ఉంటుంది. కొత్తగా వచ్చే చిగురే సన్నగా, పీలికలాగా వచ్చి మెలి తిరుగుతుంది, కాడ కూడా వంకర పోతుంది. ఇది చెబుతూ, బీరువా తెరిచి డబ్బా మూత వాసన చూపించాడు. ముక్కు మండే వాసన అది, ఒకసారి చూస్తే మరిచిపోలేం.

అంగడి వెనకే మా ఇల్లు. నట్టింటి వాకిలి అంతా బండలు పరిచి ఉండడంతో అవ్వ తులసి చెట్టును సిమెంటు తొట్టిలో పెంచేది. వీధిలో ఎవరికి దగ్గొచ్చినా ఆ ఆకే కషాయం. ఆ తొట్టికి పొద్దున్నే స్నానం చేసి నీళ్ళు పోసే పని మా చిన్నమ్మది, అంటే మా చిన్నాయన భార్యది. ఆమెది కుప్పం. మాటల్లో సగం అరవం దొర్లేది, మా అవ్వ దాన్ని వెక్కిరిస్తే తానూ కలిసి నవ్వేది. నాకు జడలు వేసేది ఆమె, గుండీలు కుట్టడం నేర్పింది ఆమె, వాన ఉరిమితే నేను దూరేది ఆమె దుప్పట్లోకే. మా అమ్మ కంటే ఆమే ఎక్కువ ఇష్టమని నేను ఒకసారి పైకే అనేసి దెబ్బలు తిన్నాను.

పెళ్ళయి నాలుగేళ్ళయినా ఆమెకు పిల్లలు లేరు. ఇంట్లో ఆ మాట మెల్లగా మొదలై రాన్రానూ గట్టిగా వినబడేది. మదనపల్లె వైపు ఒక సంబంధం ఉందని అవ్వ తాతయ్యతో అంటుంటే నేను విన్నాను. తాతయ్యకు ఇష్టమే. అయితే పిల్లలు లేరని పంపించేశారంటే ఊరు నవ్వుతుంది, కుప్పం పెద్దమనుషులు ఆస్పత్రికి పోదాం పదండి, ఇద్దరినీ చూపిద్దాం అంటారు. మంచి పేరున్న మనిషి కదా ఆయన. ఆ పేరుకు గీటు పడకుండా పని జరగాలి.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు బయట చేరేవాళ్ళు. వెనక వసారాలో వేరే చాప, వేరే కంచం. వంటగది గడప తొక్కకూడదు, తులసి తొట్టిని తాకడం అటుంచి దాని మీద నీడ కూడా పడనీయకూడదు. తాకితే చెట్టు ముడుచుకుపోతుందని అందరి నమ్మకం. నేనింకా పెద్దమనిషిని కాలేదు కాబట్టి వాళ్ళకు అన్నం మోసేది నేనే. ఆ గురువారం పొద్దున చిన్నమ్మ ఎప్పటిలాగే తులసికి నీళ్ళు పోసింది. సాయంత్రం దీపం పెట్టే వేళకు నన్ను పిలిచి, పాత గుడ్డలు తెచ్చిమ్మని, అప్పుడే బయట చేరానని చెప్పి వసారాలోకి పోయింది. గుడ్డలు తెచ్చిచ్చింది నేనే. నేను బడి నుంచి వచ్చింది మొదలు అంతవరకూ ఆమె నా పక్కనే కూర్చుని నాకు లెక్కలు చెప్పింది. ఆ సంగతి తెలిసినది ఇంట్లో నాకొక్కదానికే.

తరవాతి వారంలో తులసి చిగుళ్ళు ముడుచుకున్నాయి. అవ్వ దాన్ని చూసి అరవలేదు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ రోజు మెల్లగా వచ్చి, మైల దాచుకుని తులసమ్మకు నీళ్ళు పోసింది ఎవరో ఆమే చెబుతోంది చూడండి అంది. చిన్నమ్మ ఒట్టు పెట్టుకుంది, అవ్వ కాళ్ళు పట్టుకోబోయింది. మైల మనిషి కాళ్ళు తాకడమేమిటని అవ్వ వెనక్కి జరిగింది. తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చిన మనిషిని మళ్ళీ వసారాలో కూర్చోబెట్టారు. కుప్పానికి కబురు పోయింది. మా నాయన పొద్దున్నుంచీ వంద ఆకులు చూసే మనిషి, మా చిన్నాయన కూడా అంతే. ఒక్కరూ వంగి ఆ తులసాకును వెనక్కి తిప్పి చూడలేదు. చేనులో ముడుచుకుంటే పురుగు, ఇంట్లో ముడుచుకుంటే ఆడది. ఇంత తెలివి మా ఇంట్లో.

తిప్పి చూసింది నేను. వాకిట్లో ఎవరూ లేని వేళ తొట్టి దగ్గర కూర్చుని ఒక్కొక్క ఆకే తిప్పాను. పురుగు లేదు, జిగట లేదు, చీమలు లేవు. ముదురాకులన్నీ చక్కగా ఉన్నాయి. పైనున్న చిగుళ్ళు మాత్రం దారం పోగుల్లా సాగి మెలి తిరిగాయి. తొట్టి అంచుకు ముక్కు ఆనించి మట్టి వాసన చూశాను. ఆ వాసన నాకు తెలుసు.

పరుగెత్తుకుంటూ అంగట్లోకి పోయాను. నాయన భోజనానికి పోయాడు, తాతయ్య ఒక్కడే ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నా మనసులో చిన్నమ్మ లేదు. ఇంట్లో ఎవరికీ తెలియనిది నేను కనిపెట్టాననే సంబరమే ఉంది. అవ్వ తులసికి అంటూ లేదు గింటూ లేదు, కలుపు మందు తగిలింది అని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఏ గుర్తులు చూసి చెబుతున్నావని అడిగాడు. నేను వరసగా చెప్పాను. ఆయన తల ఊపుతూ వింటున్నాడు. రైతు ఆకు తెచ్చినప్పుడు నన్ను ఎలా అడుగుతాడో అలాగే అడిగాడు.

"సరే. ఎంత పోసింటారో సెప్పు సూద్దాం."

"ఒక మూత" అన్నాను.

"కాదు పాపా. మూతలో సగం, సెంబు నీళ్ళల్లో. మూత నిండా పోసింటే ఈపాటికి సెట్టు సచ్చుంటాది. సెట్టు సావకూడదు."

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. సగం అన్నమాట, ఒకటి తప్పు చెప్పానే అని మొదట బాధపడ్డాను. ఆయన సీసా మూత తిప్పి కమ్మర్‌కట్టు తీసి నా చేతిలో పెట్టాడు. దాన్ని నోట్లో వేసుకున్నాక, కొలత అంత కచ్చితంగా ఆయనకెలా తెలిసిందో తట్టింది. ఆయన మొలతాడుకు ఉన్న తాళంచెవి వైపు చూశాను. ఆయన కూడా నా చూపు ఎక్కడుందో చూశాడు, దాచుకోలేదు. ఆకు ఎందుకు ముడుచుకుందో తెలుసుకోవడం వేరు, ఎవరికి చెప్పాలో తెలుసుకోవడం వేరని, మొదటిది నాకు బాగా వచ్చిందని, రెండోది ఈ రోజు నేర్చుకోమని నెమ్మదిగా చెప్పాడు.

"ఈ మాట గడప దాటితే నువ్వింక ఈ అంగట్లోకి రావద్దు. యూరియా మూట మీద మీ అన్న కూసుంటాడు."

నేను కమ్మర్‌కట్టు ఉమ్మేయలేదు. చాలామంది ఈ చోట, ఉమ్మేశాను అని రాసుకుంటారు. నేను చప్పరించి మింగాను.

మర్నాడు చిన్నమ్మకు అన్నం తీసుకుపోయాను. ఆమె కంచాన్ని పక్కకు జరిపి, ఆ గురువారం సాయంత్రం నాకు గుర్తుందా అని అడిగింది. ఉందని తల ఊపాను. లెక్కలు చెప్పింది గుర్తుందా, గుడ్డలు అడిగింది గుర్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నింటికీ తల ఊపాను. తన నాయన, అన్న వస్తున్నారని, పెద్దవాళ్ళ ముందు ఆ మాట నేను చెబితే చాలని, చిన్నపిల్లల మాట ఎవరూ కాదనరని అంది. అప్పుడామె ముఖంలోకి మళ్ళీ వెలుగు వచ్చింది. జడ వదులైపోయింది రా అని పిలవబోయి, నన్ను తాకకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతసేపూ నా నోటి చివర ఆ మాట ఉంది. కలుపు మందు అని రెండు ముక్కలు. అవి అనడానికి ఎంతసేపు పడుతుంది.

కుప్పం నుంచి వాళ్ళు మధ్యాహ్నం బస్సుకు వచ్చారు. ఆమె తండ్రి బక్కపల్చటి మనిషి, మా వసారాలో పూర్తిగా కూర్చోకుండా అరుగు అంచు మీద ఆనుకున్నాడు. మా వీధి పెద్దమనుషులు ఇద్దరు కూడా వచ్చారు. అవ్వ తులసి తొట్టిని ఇద్దరు కూలీల చేత మోయించి వాళ్ళ ముందు పెట్టించింది. అందరూ ఆ మెలి తిరిగిన చిగుళ్ళను చూసి నోటి మీద చెయ్యి వేసుకున్నారు. తాతయ్య అందరికంటే తక్కువ మాట్లాడాడు. ఆడపిల్లను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాదు, ఏం చెయ్యాలో పెద్దలే చెప్పండి అన్నాడు. ఆ మాటకు ఆయన మీద జాలిపడిన వాళ్ళు కూడా ఉన్నారు.

చిన్నమ్మ వసారా చివర నిలబడి, తండ్రి వైపు తిరిగి, పాపను అడగండి అంది.

"పాపకు తెలుసు అప్పా. ఆ పొద్దు సాయంత్రం దాకా నా పక్కనే ఉండింది. సెప్పు పాపా."

అందరూ నా వైపు తిరిగారు, తాతయ్య తప్ప. ఆయన అడకత్తెరతో వక్కను కత్తిరించుకుంటూ ఉన్నాడు. నన్ను బెదిరించే చూపు కూడా చూడలేదు. అంత నమ్మకం ఆయనకు నా మీద. నేను ఆ అడకత్తెర వైపే చూస్తూ, నాకు తెలీదు అన్నాను.

చిన్నమ్మ నన్ను మళ్ళీ అడగలేదు. ఆమె అన్నే లేచి, నిజం చెప్పవే, మైల ఎప్పుడైంది అని అందరి ముందు గద్దించాడు. సొంత అన్న ఆడపిల్లను నలుగురిలో అడిగే మాటేనా అది. ఆమె సాయంత్రం అంది. మళ్ళీ అడిగాడు. సాయంత్రం అంది, ఈసారి గొంతు తగ్గింది. మూడోసారి అడిగేసరికి ఆ తొట్టి వైపు చూసి, ఏమో, పొద్దునే అయిండొచ్చేమో, నేను గుర్తుపట్టలేదేమో అంది. పెద్దమనుషులకు అది చాలు. ఆమె తండ్రి లేచి మా తాతయ్యకు చేతులు జోడించాడు. తాతయ్య ఆ చేతులు పట్టుకుని విడదీసి, మీరు నాకు దణ్ణం పెట్టకూడదు అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కుప్పం బస్సుకు ఆమె ట్రంకు పెట్టెను చిన్నాయనే మోసుకుపోయి పైకెక్కించాడు. నేను బడికి తయారవుతూ కిటికీలోంచి చూశాను. ఆ రోజు నాకు జడలు వేసింది అవ్వ. లాగి లాగి వేసింది.

ఆ తరవాత తాతయ్య తులసికి వైద్యం చేశాడు. వంకర చిగుళ్ళన్నీ గోటితో తుంచేయించాడు. తొట్టి పై మట్టి నాలుగు వేళ్ళ లోతు తీయించి, కింది రంధ్రంలోంచి కారిపోయేలా బిందెలకు బిందెలు నీళ్ళు పోయించి, కొత్త మట్టి వేయించాడు. దగ్గరుండి చూడమని నన్నే పిలిచాడు. మందు తగిలిన చెట్టుకు ఎరువు వేయకూడదని, దానంతటది తేరుకునేవరకూ ఓపిక పట్టాలని చెప్పాడు. నెల తిరిగేసరికి పెసరగింజంత చిగుళ్ళు చక్కగా వచ్చాయి. ఇల్లు శుద్ధి అయిందని అవ్వ వీధంతా చెప్పుకుంది. కథల్లోలాగా మా ఇంట్లో ఎవరికీ శిక్ష పడలేదు. చిన్నాయనకు మదనపల్లె అమ్మాయితో పెళ్ళయింది, ఇద్దరు బిడ్డలు పుట్టారు. తాతయ్య మంచి పేరుతో, మంచం పట్టకుండా పోయాడు. ఆయన పోయినప్పుడు రైతులు లారీల్లో వచ్చారు, నేను కూడా వాళ్ళతో పాటు ఏడ్చాను.

నేను మదనపల్లెలో చదువుకుని టీచరునయ్యాను. మొదటి పోస్టింగు కుప్పం దగ్గరి పల్లెలో పడింది. అప్పటికి పన్నెండేళ్ళు గడిచాయి. ఒక ఆదివారం చిన్నమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. రైల్వే గేటు దగ్గర ఒక్క గది, ముందు గదిలాంటి వరండా, అక్కడ కుట్టుమిషన్. వెంటనే గుర్తుపట్టింది. పాపా అంది, అదే పిలుపు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. జాకెట్లు కుట్టి బతుకుతోంది. ఆ వీధిలో ప్రతి ఇంటి ముందూ పగిలిన బకెట్టులోనో, నూనె డబ్బాలోనో పుదీనా, కొత్తిమీర ఏదో ఒకటి ఉంది. ఆమె గడప ముందు ఏమీ లేదు. కాఫీ ఇస్తూ ఉంటే, పక్కింటామె వచ్చి ఆమెకు రెండు రెబ్బలు కరివేపాకు ఇచ్చి పోయింది. చెట్టు అందేంత దూరంలోనే ఉంది కదా, మీరే కోసుకోవచ్చు కదా అన్నాను. నా సెయ్యి మంచిది కాదులే, నేను తాకను అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక నేనిక ఆగలేకపోయాను. ఆమె కోసం చెబుతున్నానని అప్పుడు అనుకున్నాను. పన్నెండేళ్ళుగా మోస్తున్న బరువు ఎక్కడో ఒకచోట దించుకోవాలనే పోయానని ఇప్పుడు నాకు తెలుసు. తులసికి ఏమైందో, బీరువా ఎవరిదో, మూతలో సగం ఎవరు కొలిచి పోశారో అంతా చెప్పాను. ఆమె తప్పు ఇసుమంత కూడా లేదని, ఆమె చెప్పిన సాయంత్రమే నిజమని చెప్పాను. ఆమె మెడలోని టేపును రెండు చేతులతో పట్టుకుని వింది. సంతోషిస్తుందని, ఏడుస్తుందని, తాతయ్యను తిడుతుందని ఎదురుచూశాను. ఆమె ఒకే ఒక్క మాట అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసింది పాపా?"

ఇంత చేసి వచ్చాక ఆమెతో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అప్పుడే అన్నాను. మీ నాయన వాళ్ళు రాకముందే.

ఆమె లేచి నా చేతిలోంచి కాఫీ గ్లాసు తీసుకుంది. అందులో ఇంకా సగం ఉంది. వంచేసి కడిగి బోర్లించింది. వచ్చి మిషన్ ముందు కూర్చుని, నేను అక్కడ లేనట్టే తొక్కడం మొదలుపెట్టింది. నేను లేచి బయటికి వచ్చేశాను. మళ్ళీ పోలేదు, పోవడానికి ముఖం లేదు.

ఇప్పుడు నా తల నెరిసింది. పిల్లలకు పాఠం చెబుతాను, పక్కింటి వాళ్ళు కుండీలు తెస్తే ఆకు తిప్పి రోగం చెబుతాను, నాకు పేరు కూడా ఉంది. అప్పుడప్పుడూ మనసు బాగాలేనప్పుడు, ఏమైతేనేం, చివరికి ఆమెకు నిజం చెప్పాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకోబోతాను. వెంటనే ఆమె గొంతు ఆ ఒక్క మాటే అడుగుతుంది. చెప్పాను, నిజమే. ఆ నిజం ఆమెకు కావలసిన రోజున నేను ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాను.